3000 నిట్స్ సరే.. కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుంటే సున్నా ఎందుకు?

మే నెల, మిట్టమధ్యాహ్నం. బైక్ మీద హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నా. హ్యాండిల్‌కి బిగించిన హోల్డర్‌లో ఫోన్, అందులో మ్యాప్స్. సూర్యాపేట దగ్గర టీ తాగాక, మ్యాప్ కాస్త పెద్దగా కనిపిస్తుందని ఫోన్‌ని అడ్డంగా తిప్పి పెట్టా. బండి ఎక్కి చూస్తే స్క్రీన్ మొత్తం నలుపు. వేడికి ఫోన్ ఆఫ్ అయిపోయిందనుకున్నా. చెమట తుడుచుకుందామని కూలింగ్ గ్లాసెస్ తీశా. స్క్రీన్ చక్కగా వెలుగుతోంది! మళ్లీ పెట్టుకున్నా, మళ్లీ నలుపు.

ఫోన్ పాడవలేదు. కళ్లద్దాలూ బానే ఉన్నాయి. తప్పు నాది. ఎందుకంటే అంతకు రెండు వారాల ముందే ఆ ఫోన్ డిస్‌ప్లేకి పదికి తొమ్మిది మార్కులు వేసింది నేనే. "ఎండలో సూపర్‌గా కనిపిస్తుంది" అని కూడా రాశా.

అసలు ఏం జరిగింది?

కాంతి ఒక తరంగం. ఎండలో ఆ తరంగాల కంపనాలు అన్ని దిశల్లోనూ ఉంటాయి. నిలువు చువ్వలున్న కిటికీలోంచి ఓ తాడు లాగి ఊపారనుకోండి. పైకీ కిందికీ ఊగే అల బయటికి వెళ్తుంది, పక్కలకి ఊగే అల చువ్వలకి తగిలి ఆగిపోతుంది. కాంతికి అలాంటి కిటికీయే పోలరైజర్.

రోడ్డు మీదో, నీళ్ల మీదో పడి తిరిగొచ్చే గ్లేర్‌లో అడ్డంగా కంపించే కాంతి ఎక్కువ. అందుకే పోలరైజ్డ్ కళ్లద్దాలు అడ్డం కంపనాల్ని ఆపేసి నిలువు వాటినే లోపలికి పంపిస్తాయి. అక్కడిదాకా బాగుంది. కానీ మన ఫోన్ స్క్రీన్ ముందు కూడా ఓ పోలరైజర్ ఉంటుంది. అంటే మనం రెండు కిటికీల్లోంచి చూస్తున్నాం. రెండూ ఒకే దిశలో ఉంటే సమస్య లేదు. 45 డిగ్రీలు తిరిగితే సగం వెలుగే వస్తుంది. 60 డిగ్రీలైతే పావు వంతు. 90 డిగ్రీలైతే దాదాపు సున్నా. ఇంటర్ ఫిజిక్స్‌లో కాస్ స్క్వేర్ తీటా అని బట్టీ పట్టిన మాలస్ సూత్రం ఇదే. 3000 నిట్స్‌ని సున్నాతో గుణిస్తే ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

అయితే పోలరైజర్ తీసేయొచ్చుగా?

ఎల్‌సీడీలో తీసేస్తే బొమ్మే కనిపించదు. ఓఎల్‌ఈడీ అలా కాదు, తనంతట తనే వెలుగుతుంది. అయినా పోలరైజర్ పెడతారు. కారణం, పిక్సెల్స్ వెనక ఉండే మెటల్ ఎలక్ట్రోడ్లు అద్దంలా మెరుస్తాయి. వాటిని దాచడానికి పోలరైజర్ కింద క్వార్టర్ వేవ్ ప్లేట్ అనే ఫిల్మ్ వేస్తారు. బయటి వెలుగు ఈ రెండూ దాటి లోపలికి వెళ్లి, మెటల్‌కి తగిలి, అదే దారిలో వెనక్కి వస్తుంది. ఈలోపు దాని కంపన దిశ 90 డిగ్రీలు తిరిగిపోతుంది. లోపలికి రానిచ్చిన పోలరైజరే బయటికి వెళ్లనివ్వదు. ఓఎల్‌ఈడీ నలుపు పగలు కూడా అంత నల్లగా ఉండటంలో ఈ ట్రిక్ వాటా పెద్దది.

ఇక్కడ చిక్కేంటంటే, ఒక్క ప్లేట్ అన్ని రంగులకీ ఒకేలా పనిచేయదు. కొన్ని ప్లేట్లని వేర్వేరు కోణాల్లో పేర్చితే ఆ తేడా తగ్గుతుందని 1955లోనే చూపించింది బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఎస్. పంచరత్నం. అప్పటికి ఆయన వయసు ఇరవై ఒకటి దాటలేదు. మనం చిప్‌సెట్ పేర్లు కంఠతా చెప్తాం, ఈయన పేరు మాత్రం చాలామంది విని ఉండరు.

ఈ ట్రిక్‌కి ఖరీదు కూడా ఉంది. ప్యానెల్ ఇచ్చే వెలుగులో సగానికి పైగా పోలరైజరే మింగేస్తుంది. అందుకే 2021లో గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 3 కోసం శామ్‌సంగ్ డిస్‌ప్లే దీన్ని తీసేసి, ప్యానెల్ లోపలి నిర్మాణంతోనే రిఫ్లెక్షన్ తగ్గించే పద్ధతి తెచ్చింది. వెలుగు 33 శాతం ఎక్కువగా బయటికొస్తుందనీ, కరెంట్ 25 శాతం ఆదా అవుతుందనీ కంపెనీ లెక్క. పోలరైజర్ ఉంచుకునే వాళ్లకీ దారుంది. దాని పైన ఇంకో రిటార్డర్ ఫిల్మ్ వేస్తే, ఫోన్‌ని ఎటు తిప్పినా కళ్లద్దాల్లోంచి స్క్రీన్ కనిపిస్తుంది. అంటే నల్లబడటం తలరాత కాదు. కంపెనీ తీసుకున్న నిర్ణయం.

నిట్స్ కాదు, రిఫ్లెక్షన్ అడగండి

ఇంకో లెక్క చూద్దాం. మామూలు గ్లాస్ ఉపరితలం తన మీద పడ్డ వెలుగులో దాదాపు 4 శాతం వెనక్కి కొడుతుంది. స్క్రీన్‌లో కనిపించే ఆకాశం 5000 నిట్స్ ఉందనుకుందాం. అంటే 200 నిట్స్ వెలుగు మీ స్క్రీన్ నలుపు మీద పరుచుకున్నట్టే. స్క్రీన్ 1000 నిట్స్ ఇస్తే కాంట్రాస్ట్ 6:1 మాత్రమే. అదే రిఫ్లెక్షన్‌ని 1 శాతానికి తగ్గిస్తే 21:1 అవుతుంది. గ్లాస్ మార్చకుండా ఆ 21:1 తేవాలంటే స్క్రీన్ 4000 నిట్స్ ఇవ్వాలి. మరి బ్యాటరీ ఏం కావాలి?

రిఫ్లెక్షన్ తగ్గించేది ఇంటర్‌ఫియరెన్స్. గ్లాస్ మీద కాంతి తరంగదైర్ఘ్యంలో పావు వంతు మందంతో ఓ పొర వేస్తారు. పొర పైనుంచి వచ్చే అల, కిందనుంచి వచ్చే అల ఎదురెదురై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మెగ్నీషియం ఫ్లోరైడ్ పొరైతే ఆకుపచ్చ కాంతికి సుమారు 100 నానోమీటర్లు చాలు. 2024లో గెలాక్సీ ఎస్24 అల్ట్రాకి వచ్చిన గొరిల్లా ఆర్మర్ గ్లాస్ రిఫ్లెక్షన్‌ని 75 శాతం దాకా తగ్గిస్తుందని కంపెనీ చెప్పింది. నా దృష్టిలో ఆ ఏడాది ఎండలో వాడే వాళ్లకి దొరికిన అసలైన అప్‌గ్రేడ్ అదే.

మరి మనం ఏం చేస్తాం? లక్ష పెట్టి ఆ ఫోన్ కొని, షాప్ బయటికి రాకముందే దాని మీద నూట యాభై రూపాయల టెంపర్డ్ గ్లాస్ అంటిస్తాం. అంటించాక బయటి ఉపరితలం మళ్లీ మామూలు గ్లాసే. 4 శాతం మళ్లీ హాజరు.

"పోలరైజ్డ్ కళ్లద్దాలు ఎంతమంది వాడతారు బ్రో?" అని అడుగుతారని తెలుసు. రోజంతా ఎండలో బండి మీద ఉండే డెలివరీ వాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, లాంగ్ రైడ్ల పిచ్చి ఉన్నోళ్లు వాడతారు. డిస్‌ప్లే నిజంగా అవసరమయ్యేది వాళ్లకే. ట్రాఫిక్‌లో మ్యాప్ మాయమైతే అది చిన్న ఇబ్బంది కాదు, యాక్సిడెంట్‌కి దారి.

అందుకే కంపెనీల్ని రెండే అడుగుతున్నా. స్పెక్ షీట్‌లో పీక్ నిట్స్ పక్కనే రిఫ్లెక్షన్ శాతం రాయండి. పోలరైజ్డ్ కళ్లద్దాలతో ఏ కోణంలో నల్లబడుతుందో చెప్పండి.

వాళ్లు చెప్పేదాకా మీరే చూసుకోవచ్చు. షాప్‌కి వెళ్లేటప్పుడు కళ్లద్దాలు తీసుకెళ్లండి. అవి నిజంగా పోలరైజ్డా కాదా తెలియాలంటే ఎల్‌సీడీ ల్యాప్‌టాప్ ముందు పట్టుకుని తిప్పండి, ఓ చోట స్క్రీన్ నల్లబడాలి. తర్వాత డెమో ఫోన్‌ని నిలువుగా, ఏటవాలుగా, అడ్డంగా తిప్పి చూడండి. ఆఖర్న స్క్రీన్ ఆఫ్ చేసి, పైనున్న ట్యూబ్‌లైట్ అందులో ఎంత మెరుస్తోందో పక్క ఫోన్‌తో పోల్చండి. మొత్తం రెండు నిమిషాల పని.

ఇకమీదట నా ప్రతి రివ్యూలోనూ ఈ రెండు టెస్టులూ ఉంటాయి. ఆ తొమ్మిది మార్కుల ఫోన్‌కి కూడా చేశా. ఇప్పుడు దానికి ఏడు.