పరీక్షల వేళ పూచే పూలు



మన ప్రాంతంలో వసంతమూ, వార్షిక పరీక్షలూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. పెరట్లో వేప పూతకు వచ్చే రోజుల్లోనే మీరు పుస్తకాలు ముందు వేసుకొని కూర్చొని వుంటారు. మల్లె మొగ్గ తొడుగుతుంది. గుమ్మడిపాదు పసుపుపచ్చని పూలు పూస్తుంది. మీరు ఒక్క నిమిషం లేచి అటు వెళ్ళారో లేదో, "పూలెక్కడికీ పోవు, ముందు చదువుకో" అని ఇంట్లోంచి కేక వినిపిస్తుంది.

పెద్దలు మీ మేలు కోరే ఆ మాట అంటారు. కాని అందులో చిన్న పొరపాటు వున్నది. పూలు ఎక్కడికీ పోవన్నది నిజం కాదు. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకొని ఎండ ఎక్కేసరికి ముడుచుకొంటుంది. వేపపూత కొద్ది వారాల్లో రాలిపోతుంది. పరీక్షలయ్యాక చూద్దామంటే అవి మన కోసం ఆగవు.

వసంతకాలంలో రోజుకు పది నిమిషాలు పెరట్లో పూల దగ్గర గడపడం చదువుకు అడ్డు కాదనీ, అదీ చదువేననీ నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి నేను కొంత ఆలస్యంగా వచ్చాను. ఎలా వచ్చానో చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతున్నాను. పునశ్చరణ జరుగుతున్న రోజులవి. ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ! మా పెరట్లో మామిడిపూత అంతా రాలిపోతోంది. చెట్టు క్రింద చాప పరచినట్టుంది. చెట్టుకేమైనా జబ్బు చేసిందా?" అని అడిగింది. నేను గడియారం చూచుకొని, "అది పరీక్షకు రాదు, కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి కూర్చొన్నది. ఆ తర్వాత ఆ సంవత్సరమంతా మళ్ళీ ఏ ప్రశ్నా అడగలేదు. ఇప్పటికీ మామిడిపూత చూచినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తుకు వస్తుంది. నేను ఆ రోజు చెప్పవలసిన జవాబు ఇప్పుడు మీకు చెబుతాను.

ఒక్కొక్క మామిడి పూగుత్తిలో వందల నుంచి కొన్ని వేల వరకు చిన్న చిన్న పూలుంటాయి. అవన్నీ ఒక రకం కావు. కొన్ని మగపూలు. వాటిలో అండాశయం ఎదగదు కనుక అవి కాయగా మారవు. పుప్పొడి ఇవ్వడంతో వాటి పని తీరిపోతుంది, రాలిపోతాయి. మిగిలినవి ద్విలింగ పుష్పాలు. ఎక్కువగా ఈగలూ, కొంతవరకు తేనెటీగలూ వాటిపై వాలి పరాగసంపర్కం జరుపుతాయి. పిందె పడినా అన్నీ నిలవవు. అన్నిటికీ ఆహారం అందించే శక్తి చెట్టుకు లేదు. చివరకు నూరు పూలకు ఒక్క పండు కూడా దక్కదు. తేనెమంచు పురుగు వల్ల, బూడిద తెగులు వల్ల కూడా పూత రాలే మాట నిజమే. కాని ఆరోగ్యంగా వున్న చెట్టు క్రింద కూడా పూత చాపలా పరచుకొంటుంది.

చూచారా! ఆ అమ్మాయి ప్రశ్నలో ఏకలింగ పుష్పాలూ, ద్విలింగ పుష్పాలూ, పరాగసంపర్కమూ, ఫలదీకరణమూ అన్నీ వున్నాయి. పరీక్షకు రానిది అందులో ఏమీ లేదు. ఆ సంగతి నాకే తట్టలేదు.

ఆ తర్వాత నేను మా పెరట్లోకి కొత్త కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. గుమ్మడిపాదు దగ్గరకు ఉదయం ఆరు గంటలకు వెళ్ళండి. పొడవాటి సన్నని కాడ మీద నిలబడ్డది మగపువ్వు. పువ్వు అడుగున చిన్న గుమ్మడికాయలాంటి ఉండ కనిపిస్తే అది ఆడపువ్వు. ఆ ఉండే అండాశయం. తేనెటీగ మగపువ్వులోంచి వెలుపలికి వచ్చేటప్పుడు దాని ఒంటికి పుప్పొడి అంటుకొని వుంటుంది. ఆ పుప్పొడితో ఆడపువ్వులో దూరితే సరి, కాయకు నాంది జరిగినట్టే.

దీనిని మీరే పరీక్షించవచ్చు. మర్నాడు విచ్చుకోబోయే ఆడమొగ్గలు రెండు సాయంత్రమే గుర్తుపెట్టుకోండి. ఒకదానికి పలుచని గుడ్డ తొడిగి, చీమ కూడా దూరకుండా కాడ దగ్గర దారంతో వదులుగా కట్టండి. రెండవదానిని అలాగే వదిలేయండి. కొద్ది రోజులు చూడండి. గుడ్డ కట్టినది పసుపుబారి రాలిపోతుంది. వదిలేసినదానిపై తేనెటీగలు బాగా వాలివుంటే అది లావెక్కుతుంది. "పరాగసంపర్కం జరగనిదే కాయ కాయదు" అన్న వాక్యాన్ని పదిసార్లు వల్లె వేసినవాడు మరచిపోవచ్చు. ఈ పని చేసినవాడు మరచిపోడు.

ఇక మల్లె. పగటిపూట ఆకుపచ్చని ఆకుల మధ్య ముడుచుకొని వున్న మొగ్గ సాయంత్రం విచ్చుకొని పరిమళిస్తుంది. చీకట్లో రంగులకు పని లేదు. తెలుపు కొంత కనిపిస్తుంది, వాసన దూరం నుంచి దారి చూపుతుంది. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులను పిలిచే పూలు చాలావరకు ఇలా తెల్లగా, సువాసనతో వుంటాయి. మందారం సంగతి వేరు. ఎర్రగా వుంటుంది, వాసన వుండదు. తేనెటీగ కంటికి ఎరుపు రంగు సరిగా ఆనదు. పక్షులకు బాగా కనిపిస్తుంది. మీ మందారం దగ్గర ఉదయంపూట కొంచెంసేపు కదలకుండా నిలబడితే తేనెపిట్ట వచ్చి వాలడం చూడవచ్చు.

పూలను ఇలా చూచి శాస్త్రాన్ని తెలుసుకొన్నవారిలో ఒక ఉపాధ్యాయుడున్నాడు. ఆయన పేరు క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్. జర్మనీలో బెర్లిన్ సమీపాన స్పాండౌలో ఒక పాఠశాలకు పెద్దగా పనిచేశాడు. 1787లో ఒక అడవి పువ్వు రేకుల అడుగున సన్నని నూగు వుండటం గమనించాడు. ఈ నూగు ఎందుకున్నదని తనను తానే ప్రశ్నించుకొన్నాడు. లోపలి మకరందం వానకు తడవకుండా కాపాడటానికేనని గ్రహించాడు. మరి మకరందం ఎవరి కోసం? పురుగుల కోసం. పురుగులు ఎందుకు? పుప్పొడి మోయడానికి. ఒక ప్రశ్న వెంట మరొక ప్రశ్న వేసుకొంటూ ఎన్నో పూలను పరిశీలించి 1793లో పుస్తకం వ్రాశాడు. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. ఆయన 1816లో మరణించాడు. ఆ తర్వాత డార్విన్ ఆ పుస్తకం చదివి దాని విలువను గుర్తించాడు. నూగు గురించి స్ప్రెంగెల్ వేసుకొన్న ప్రశ్నకూ, పూత గురించి మా తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్నకూ నాకు పెద్ద తేడా కనిపించదు.

"పూలను చూచి ఆనందించక, వాటికీ లెక్కలూ పరీక్షలూ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. నా అనుభవం వేరు. గుమ్మడిపువ్వులోకి తేనెటీగ దూరడం చూచాక ఆ పసుపు రంగు నాకు మరింత అందంగా కనిపించింది. తెలిసినకొద్దీ ఆనందం పెరిగిందే కాని తరగలేదు. "అయితే మల్లెపూలు కోయకూడదా?" అంటారేమో. నిరభ్యంతరంగా కోసుకోండి. మన ఇళ్ళలో పెంచే మల్లెకు కాయ కాయడం చాలా అరుదు. కొమ్మ నాటో, అంటు కట్టో దానిని పెంచుతాం. కాని కాయలిచ్చే చెట్లు పూత మీద వున్నప్పుడు పురుగుమందు చల్లబోయే ముందు ఇంట్లో పెద్దవారికి ఒక్క మాట చెప్పండి. ఆ మందుకు పూత తినే పురుగుతో పాటు కాయ నిలిపే ఈగ కూడా చస్తుంది.

పెరడు లేనివారు డాబా మీద రెండు కుండీలు పెట్టుకోండి. ఒక పాత నోటుబుక్కులో రోజూ మూడు సంగతులు వ్రాయండి. పువ్వు ఎన్ని గంటలకు విచ్చుకొన్నది? దానిపై ఎవరు వాలారు? రాలిన తర్వాత కొమ్మకు ఏం మిగిలింది? పది నిమిషాలు చాలు. తర్వాత లోపలికి వెళ్ళి చదువుకోండి. తల్లిదండ్రులకూ, నా తోటి ఉపాధ్యాయులకూ నా మనవి ఒక్కటే. ఆ పది నిమిషాలు పిల్లలకు ఇవ్వండి.

మీరు చూచింది మీ మాస్టారిని అడగండి. "అది పరీక్షకు రాదు" అని ఆయన అంటే చిన్నబుచ్చుకొని ఊరుకోకండి. మర్నాడు మళ్ళీ అడగండి. నన్ను ఆ అమ్మాయి రెండోసారి అడిగివుంటే, ఆ పూటే తరగతి అందరినీ వెంటబెట్టుకొని వాళ్ళ మామిడిచెట్టు దగ్గరకు వెళ్ళేవాణ్ణేమో!