కిట్టు వద్దు, డాబా ఎక్కుదాం

ఎండాకాలం సెలవులొస్తే చాలు, బెజవాడ గోడల నిండా సమ్మర్ క్యాంపుల బోర్డులు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అనే ఫ్లెక్సీలు. వీటికి తోడు ఆన్‌లైన్‌లో అమ్మే సైన్స్ కిట్లు. పెట్టె విప్పగానే అగ్నిపర్వతం పొంగుతుంది, స్లైమ్ సాగుతుంది, పిల్లాడు చప్పట్లు కొడతాడు. మర్నాటికి పెట్టె అటకెక్కుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. వీటిలో చాలావాటిలో లేనిది ఒక్కటే: పిల్లలకి సొంతంగా పుట్టిన ప్రశ్న. కిట్టులో ప్రశ్నా వాళ్లదే, జవాబూ వాళ్లదే. ఏం జరుగుతుందో పెట్టె మీదే బొమ్మేసి ఉంటుంది. కోచింగ్‌లో అయితే ఆ జవాబు ఎ, బి, సి, డిల్లో ఎక్కడో ఉంటుంది. మనమూ అలా వేల బిట్లు చేసే ఇక్కడికొచ్చాం. అక్షాంశాల మీద లెక్కలు చేశాం సరే, మనలో ఎంతమందిమి ఒక నీడని కొలిచి చూశాం?

నీడ మాటే ఎందుకంటే, అది మన ఊళ్లో ఏడాదికి రెండుసార్లు మాయమవుతుంది. విజయవాడ దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 5, 6 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 6, 7 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఢిల్లీ వాళ్లకి ఈ అదృష్టం ఎప్పటికీ లేదు, ఆ ఊరు కర్కట రేఖకి పైన ఉంది. మనకి ఊరికే వచ్చే వింత ఇది. పైసా ఖర్చు లేదు.

గవర్నర్‌పేటలో మా పిన్ని వాళ్లది అపార్ట్‌మెంట్. పెరడు లేదు, ఉన్నదల్లా డాబా. పోయిన మే నెలలో ఆరో తరగతి చదివే వాళ్లబ్బాయీ నేనూ అక్కడ అడుగు పొడవు పైపు ముక్క నిటారుగా నిలబెట్టాం. సరిగ్గా 12 గంటలకి వాడు, "అన్నయ్యా, పోలేదు!" అన్నాడు. పడమటి పక్కన అర సెంటీమీటరు నీడ ఇంకా ఉంది. మరో నాలుగు నిమిషాలకి అదీ పోయింది. వాడు సంతోషించడం మానేసి, "మరి 12కే ఎందుకు పోలేదు?" అని నిలదీశాడు.

నా దృష్టిలో సైన్స్ మొదలైంది అప్పుడు. నీడ పోయినప్పుడు కాదు, అనుకున్న టైముకి పోనప్పుడు. నేను జవాబు చెప్పలేదు. "మన గడియారాలు ఏ ఊరి సూర్యుణ్ణి చూసి పెట్టారో కనుక్కో" అన్నాను. వాడు అట్లాసు తీశాడు. మన దేశపు టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. మనం దానికి పడమట దాదాపు 80.65 దగ్గరున్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఏడు నిమిషాలు ఆలస్యం కావాలి. కానీ నీడ నాలుగు నిమిషాలకే పోయింది కదా! మిగతా మూడు నిమిషాల వెనక భూమి అక్షం వంపు, సాగిన గుండ్రంలా ఉండే దాని కక్ష్య ఉన్నాయి. వాడికి అది ఇంకా చెప్పలేదు. ఆ ప్రశ్న కొన్నాళ్లు వాడి దగ్గరే ఉండనీ.

వంటింట్లోనూ ఇలాంటివి బోలెడు. దిష్టి తీసే ఎర్రనీళ్లు అందరం చూసినవే. పసుపు నీళ్లలో కాస్త సున్నం వేస్తే ఎర్రబడతాయి. అందులో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగు వస్తుంది. మనం ల్యాబ్‌లో వాడే ఇండికేటర్ కథే ఇది. అమ్మమ్మలకి పేరు తెలియకపోయినా పని తెలుసు. శంఖుపువ్వు నానబెట్టిన నీలం నీళ్లలో నిమ్మరసం వేస్తే ఊదా, ఆపైన గులాబీ రంగులోకి మారతాయి. తడి దూది మీద పెసలు మొలకెత్తాక గ్లాసుని అడ్డంగా పడుకోబెడితే, ఒకటి రెండు రోజుల్లో వేరు కిందికి తిరుగుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు మామిడికాయల్లో ఒకటి బియ్యం డబ్బాలో, ఒకటి బయట పెట్టి ఏది ముందు పండుతుందో పందెం కాయొచ్చు. కాయ వదిలే ఇథిలీన్ వాయువు డబ్బాలో పోగవుతుంది, అందుకే తొందర. జాగ్రత్తలు రెండే: సున్నం పెద్దవాళ్లే వెయ్యాలి, సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు.

"అమ్మానాన్నలకి టైమెక్కడిది, పిల్లలకి ఆదివారం కూడా వీక్లీ టెస్టే కదా" అంటారు. నిజమే. గవర్నర్‌పేటలో షాపు నడిపేవాళ్లు రాత్రి పదింటికి గానీ ఇల్లు చేరరు. చాలా అపార్ట్‌మెంట్లలో డాబాకి తాళం. నేను తల్లిదండ్రుల్ని తప్పుపట్టడం లేదు. అడుగుతున్నది మనల్ని. పండక్కీ సెలవులకీ ఇంటికెళ్లే ఇంజినీరింగ్ అన్నయ్యల్నీ అక్కల్నీ. తాళం చెవి అడిగి తేగలిగింది మనమే, గంటసేపు ఖాళీగా ఉండేదీ మనమే.

ఈ దారిలో మన జాతివాడే ఒకాయన ముందు నడిచాడు. అరవింద్ గుప్తా 1975లో ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేశారు. 1978లో ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బడుల్లో సైన్స్ చెప్పే కార్యక్రమానికి వెళ్లారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబుతో బొమ్మలు చేయడం మొదలుపెట్టి, చెత్తలోంచే వందల ఆటవస్తువులు తయారుచేశారు. ఆయన పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2018లో పద్మశ్రీ వచ్చింది. మనం అంత చెయ్యక్కర్లేదు. ఒక తమ్ముడు, ఒక చెల్లి, ఒక మధ్యాహ్నం చాలు.

ఒక్క షరతు. పిల్లలు అడగ్గానే జవాబు చెప్పెయ్యకండి. నాలుగేళ్లుగా వైవాలకి టకటకా జవాబులు చెప్పి చెప్పి మనకది అలవాటైపోయింది. "నువ్వేమనుకుంటున్నావ్?" అని అడిగి, తప్పు చెప్పినా నవ్వకుండా, "అయితే చూద్దాం పద" అనండి. ఆగస్టులో అయితే నీడ మాయమయ్యే టైము 12 దాటిన 13 నిమిషాలకి. మేలో 4 అయితే ఇప్పుడు 13 ఎందుకు అని వాళ్లు తప్పకుండా అడుగుతారు. మీరూ కాస్త ఆలోచించుకుని వెళ్లండి.