కారు అమ్మేశారు సరే.. ఆర్‌సీ ఎవరి పేరున ఉంది?

ఎండాకాలంలో పాత కారు బేరం ఏసీ దగ్గరే తేలుతుంది. చల్లగాలి రాకపోతే కొనేవాళ్లు రేటు కోసేస్తారు. అందుకే గ్యాస్ నింపించి, పాలిష్ కొట్టించి మరీ బండి చూపిస్తున్నారు. లీకు ఉంటే ఆ గ్యాస్ ఎన్నాళ్లో నిలవదు, అది వేరే సంగతి.

అసలు చిక్కు కాగితాల్లో ఉంది. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేస్తే పని అయిపోయిందనుకుంటున్నారు చాలామంది. పేరు మారేలోగా ఆ బండి ఎవరినైనా గుద్దితే? పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనర్‌దేనని 2018లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. చలాన్లూ పాత ఓనర్ పేరు మీదే వస్తాయి. సొంత రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి.

ఆథరైజ్డ్ డీలర్ అయితే కాస్త ఊరట. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రూల్ ప్రకారం, ఫారం 29సీతో అప్పగింత నమోదైతే బాధ్యత డీలర్‌కు మారుతుంది. డీలర్‌కు ఆ ఆథరైజేషన్ ఉందో లేదో తాళాలు ఇచ్చే ముందే అడగాలి.