కల్లంలో కాపురాలు

సంక్రాంతి వెళ్ళీ వెళ్ళగానే మా పల్నాటి పల్లెల్లో లారీలు ఆగుతాయి. ఆదోని, కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి మిరప కోతలకు వచ్చేవాళ్ళు. "కర్నూలోళ్ళు దిగార్రా" అంటారు మావాళ్ళు. దిగేది కూలీలే కాదు. సిల్వరు గిన్నెలు, జొన్నపిండి మూట, ఉయ్యాలకు పాతచీర, బడి మానిన పిల్లలు - సంసారమంతా దిగుతుంది. అక్కడ వలస వెళ్ళినవాళ్ళ పిల్లలకు సీజనల్ హాస్టళ్ళు పెట్టారు, నిజమే. చంటిబిడ్డను తల్లి ఎక్కడ వదులుతుంది?

ఇల్లంటే కల్లం పక్కన నాలుగు గుంజలు, పైన పాత టార్పాలిన్ పట్టా. నిలబడితే తల తగులుతుంది. మరుగు లేదు. ఆడవాళ్ళు చీకటి కోసం కాచుకోవాలి.

రసాయన శాస్త్రం చదివేవాణ్ణి గనుక ఒక మాట. మిరప మంటకు కారణమైన కాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు. కాయ కోసిన తల్లి ఎన్నిసార్లు చెయ్యి కడిగినా మంట పోదు. ఆ చేత్తోనే బిడ్డ ముఖం తుడవాలి. ఆ ఏడుపు నేను విన్నాను.

కిందటేడు ఒక రాత్రి అకాల వర్షం పట్టుకుంది. నాన్నా నేనూ పరుగెత్తి పట్టాలన్నీ కాయ మీద కప్పాం. చాలలేదు. గుడారం మీది పట్టా అడిగాం. వాళ్ళు మారుమాట లేకుండా విప్పి ఇచ్చారు! పిల్లల్ని పొదువుకుని తెల్లవార్లూ మా ట్రాక్టరు ట్రక్కు కింద కూర్చున్నారు. పొద్దున్నే అమ్మ టీ కాచి పంపింది. మేము దుర్మార్గులం కాము. అప్పు తెచ్చి పెట్టిన పంట, తడిస్తే ధర పోతుంది. నాన్న లెక్క నాకు తెలుసు. కాని ఆ పట్టా అడిగిన నోరు నాది.

1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు ద్వారా రాష్ట్రం దాటి వచ్చినవాళ్ళకు తగిన వసతి చూపాలంది. కర్నూలు నుంచి పల్నాడు వచ్చినవాళ్ళు రాష్ట్రం దాటలేదు కదా! 2014 తర్వాత ఆ మనిషే ఖమ్మం మిరపకు పోతే దాటినట్టు, మా ఊరొస్తే దాటనట్టు.

గుంటూరు చుట్టూ కాయ కోసం కోల్డ్ స్టోరేజీలు కట్టుకున్నాం. ఊరి రైతులంతా కలిసి ఒక రేకుల షెడ్డు, రెండు మరుగుదొడ్లు, ఒక కుళాయి పెట్టలేమా? మిత్రులారా, హాస్టల్లో రెండ్రోజులు నీళ్ళు రాకపోతే మనం సమ్మె చేశాం. నేనూ గొంతు చించుకున్నాను.

ఈ సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నతో అనాలి, గుడారాలకని కొత్త పట్టాలు విడిగా కొనమని. ఏమంటాడో చూడాలి.