ఆ రెండో వైపు కూడా విందాం

ఈమధ్య పాట వినడం కన్నా పాట మార్చడమే ఎక్కువైపోయింది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే బస్సులోనో, తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు కోసం నిలబడ్డప్పుడో ఒక్కసారి పక్కవాళ్ల చేతుల వంక చూడండి. ఫోనులో పాట మొదలవుతుంది. పల్లవి అయిందో లేదో, వేలు కదులుతుంది. ఇంకో పాట. అదీ నచ్చలేదు. మరోటి. దిగే చోటు వచ్చేసరికి ఇరవై పాటలు ‘వినేశాం’ అనుకుంటాం. ఏ ఒక్కదానిలోనూ రెండో చరణం ఏమిటో చెప్పలేం.

‘ఫోను నాది, చెవులు నావి. నచ్చని పాట ఎందుకు వినాలి?’ అంటారా? న్యాయమైన మాటే. పైగా ఇది ఇప్పటి పిల్లలు కొత్తగా తెచ్చుకున్న అలవాటు కూడా కాదు. మన కృష్ణా, గోదావరి జిల్లాల్లో పద్యనాటకాలు జోరుగా ఆడిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. శ్రీకృష్ణ రాయబారం సీను, హరిశ్చంద్రలో వారణాసి, కాటిసీను... ఇలా తలో నాటకంలోంచీ ఓ ముక్క తెచ్చి ఒకే రాత్రి ఆడించేవారు. నచ్చిన పద్యానికి ‘వన్స్‌మోర్’, నచ్చని సీనుకి కునుకు. ఇదీ ఏరుకోవడమేగా!

అయితే అలా ఏరుకున్నప్పుడు ఏం పోతుందో కూడా చూడాలి. కాటిసీను ఒక్కటే చూసినవాళ్లకి హరిశ్చంద్రుడి కష్టం బాగానే తెలుస్తుంది. కానీ అంతకుముందు వారణాసిలో, భర్త మాట నిలబెట్టడం కోసం చంద్రమతి అమ్ముడుపోవడం చూడకపోతే ఆ శ్మశానంలో ఆవిడ నిలబడ్డ తీరు పూర్తిగా అర్థం కాదు. ముక్క బాగానే ఉంటుంది. ఆ ముక్కకి బరువు తెచ్చేది దానికి ముందున్న కథ.

తర్వాత క్యాసెట్లొచ్చాయి. సినిమాలో పాటలన్నీ అక్కర్లేనివాళ్లు కాగితం మీద పది పన్నెండు పాటల పేర్లు రాసి, ఖాళీ క్యాసెట్టుతో పాటు బజార్లో రికార్డింగ్ షాపు అబ్బాయి చేతికి ఇచ్చేవారు. రెండ్రోజులాగి వెళ్తే మనకి కావలసిన పాటలన్నీ వరసగా సిద్ధం. అదీ ఏరుకోవడమే. కానీ ఒక తేడా ఉంది. ఆ చీటీ రాసేనాటికి ఆ పాటల్ని రేడియోలోనో, సినిమా హాల్లోనో ఎన్నోసార్లు విని ఉండేవాళ్లం. ఇప్పుడు వినకముందే ఏరేస్తున్నాం. చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరడం వేరు, చూడకుండా బియ్యం పారబోసుకోవడం వేరు కదండీ!

టేపు రికార్డర్లో పాట దాటించాలంటే అదో పని. ముందుకి తిప్పాలి. ఎక్కడాగిందో విని చూడాలి. ఎక్కువ పోతే మళ్లీ వెనక్కి. రిబ్బను చుట్టుకుపోతే పెన్సిలు పెట్టి తిప్పుకోవాలి. ఆ బాధ పడలేక నచ్చని పాటని కూడా అలాగే ఉంచేసేవాళ్లం. విచిత్రమేమిటంటే నాలుగోసారికో అయిదోసారికో అదే పాట నోట్లో ఆడేది! 1982లో సీడీలు అమ్మకానికి వచ్చాయి. అప్పట్నుంచీ బొత్తాం నొక్కితే చాలు. ఇప్పుడైతే వేలు తగిలితే చాలు. స్పాటిఫై లాంటి యాప్‌లో 30 సెకన్లు మోగితే ఆ పాట ఎవరో విన్నట్టే లెక్క. వాళ్ల లెక్కకి ముప్ఫై సెకన్లు సరిపోతాయి. మన మనసుకి సరిపోతాయా?

ఇంట్లో టేపు రికార్డర్ లేనివాళ్ల సంగతి ఇంకోలా ఉండేది. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయినా, కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతరకి బయల్దేరినా మైకు సెట్టు మోగాల్సిందే. ‘మాయాబజార్’ లాంటి సినిమా మాటల రికార్డు పెడితే ఇక అది అయ్యేదాకా అంతే. మధ్యలో మార్చమని వంటింట్లోంచి చెబితే వినేదెవరు? అలా చేపలు కడుగుతూ, పిండి రుబ్బుతూ సినిమా మొత్తం చెవుల్తోనే చూసిన ఆడవాళ్లు ఎంతమందో! కావాలని విన్నది కాకపోయినా, మొదలూ చివరా తెలిసిన కథ వాళ్లకి దక్కింది.

మొదలూ చివరా తెలియడంలో ఏముందంటారా? ‘పుష్పవిలాపం’ తీసుకోండి. కరుణశ్రీ పద్యాలు, ఘంటసాల గొంతు. పూలు కోయబోయిన మనిషితో పూలు మాట్లాడతాయి. సూదులతో గుచ్చి, దారాలు కట్టి, ముడుచుకుంటారని నిష్ఠూరమాడతాయి. అందులో ఎక్కువ మాటలు తగిలేది మన ఆడవాళ్లకే! సగంలో ఆపేస్తే అదొక ఫిర్యాదులా మిగిలిపోతుంది. చివరిదాకా వింటేనే, ఆ మనిషి ఒక్క పువ్వు కూడా కోయలేక వట్టి చేతులతో తిరిగి వెళ్లాడని తెలుస్తుంది. ఆ వట్టి చేతులే ఆ పద్యాలకి ప్రాణం.

అలాగే ‘శంకరాభరణం’. 1980లో వచ్చింది. పేరు చెప్పగానే బాలు పాడిన పాట నోటికొస్తుంది, వేలు తిన్నగా దానిమీదికే పోతుంది. కానీ ఆ సినిమాకి జాతీయ అవార్డులొచ్చిన వాళ్లలో సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్, బాలులతో పాటు వాణీ జయరాం కూడా ఉన్నారు. ఆవిడ గొంతులో రామదాసు కీర్తన ఎంత నెమ్మదిగా, ఎంత బతిమాలుతున్నట్టుగా సాగుతుందో, జోరు పాటల కోసం దాటించుకుపోయేవాళ్లకి తెలిసే వీల్లేదు. వరసగా వింటే, గట్టిగా గొంతెత్తిన పాట పక్కన ఆ మెత్తని పాట ఎందుకుందో దానంతటదే తెలుస్తుంది.

ఇక్కడ మన అమ్మాయిల గురించి ఓ మంచి మాట చెప్పాలి. వాళ్లు ఏదీ కుదురుగా వినరని మనం సాధిస్తుంటాం. కానీ ఆ కొరియా కుర్రాళ్లు, బీటీఎస్ అని ఏడుగురున్నారే, వాళ్లంటే పడిచచ్చే పిల్లని కదిపి చూడండి. ఏ ఆల్బమ్‌లో ఏ పాట తర్వాత ఏది వస్తుందో, ఏ పాటలో ఎవరి గొంతు ఎక్కడ మొదలవుతుందో గడగడా చెప్పేస్తుంది. తెలియని భాషలో పాటలకి అర్థాలు వెతుక్కుని మరీ వింటోంది. ఇష్టమైనవాళ్ల పాట పూర్తిగా వినడం ఈ తరానికి చేతకాక కాదు. ఇష్టం కలిగేదాకా ఆగడమే అందరికీ కష్టంగా ఉంది. ఆ అందరిలో అమ్మలమూ ఉన్నాం.

ఆ మాటకొస్తే మనమూ ఒక రికార్డు మాత్రం ఏనాడూ దాటించలేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం. 1963లో హెచ్‌ఎంవీ వారు విడుదల చేశారు. సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. నాలుగు భాగాలూ కలిపి 70. మొత్తం మోగాల్సిందే. స్తోత్రం వచ్చేసరికి ముగ్గు, ప్రపత్తికి పాలు, మంగళాశాసనానికి పిల్లల టిఫిన్లు. గడియారం అక్కర్లేదు! కానీ నిజం చెప్పండి, అన్నేళ్లుగా మోగుతున్న దాన్ని ఒక్కరోజైనా కూర్చుని విన్నామా? చెవిన పడింది, అంతే. చేతులు మాత్రం ఖాళీ లేవు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆల్బమ్ మొత్తం వినాలంటే ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంట మనకెవరిచ్చారు? 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఎవరి సమయం ఎలా గడుస్తోందో సర్వే చేయించింది. సొంత ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు అందులో గడుపుతున్నారు. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్లు 97 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు ఒకవైపు, గంటన్నర చిల్లర ఇంకోవైపు. కుక్కరు కూతకీ కూతకీ మధ్య, ‘అమ్మా, నా సాక్సేవీ?’ అనే పిలుపుకీ ‘ఏమోయ్, కాఫీ’ అనే కేకకీ మధ్య దొరికేది ఒక పల్లవి. మహా అయితే ఒక చరణం. ఇలా ముక్కలుగా దొరికే సమయానికి అలవాటుపడిపోయి, తీరిక దొరికినప్పుడు కూడా పాటని మనమే ముక్కలు చేసుకుంటున్నామేమో!

ఇంకో మాట. మనం చెప్పేది పూర్తవకుండానే ఎవరైనా ‘సరే సరే, అసలు విషయం చెప్పు’ అంటే ఎలా ఉంటుంది? ఒళ్లు మండుతుంది కదూ? మాట పూర్తిగా చెప్పనిస్తేనే మనిషి అర్థమయ్యేదని మనకన్నా బాగా ఎవరికి తెలుసు? అదే మర్యాద పాడేవాళ్లకి, వాయించేవాళ్లకి ఇచ్చి చూద్దాం.

దీనికి పెద్ద పెద్ద నియమాలు వద్దు. వారానికి ఒక్క ఆల్బమ్. మొదటిసారి ఏదీ దాటించకండి. రెండోసారి నుంచీ మీ ఇష్టం, నచ్చని పాటని నిక్షేపంగా దాటెయ్యండి. విని వద్దనడం అభిరుచి, వినకుండా వద్దనడం తొందర. మాటలు లేని సంగీతంతో మొదలుపెట్టాలనుకుంటే ఇళయరాజా 1986లో చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’ ఉంది. అందులో హీరో లేడు, కథ లేదు. మన కర్ణాటక సంగీతం, పాశ్చాత్యుల వయొలిన్లు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటాయి. ఉద్యోగానికి రైల్లో తిరిగేవాళ్లకి ఇంకా వీలు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం సుమారు యాభై కిలోమీటర్లు. భీమడోలు, పూళ్ల దాటి గూడెం చేరేలోపు ఒక ఆల్బమ్ హాయిగా వినొచ్చు. ఫోను బ్యాగులో పడేసి, కిటికీలోంచి చేలు చూస్తూ వినండి.

ఇంట్లో ఉండేవాళ్లకే అసలు పరీక్ష. ‘ఈ ముప్పావుగంట నన్ను పిలవకండి’ అని గట్టిగా చెప్పాలి. మొదట్లో అందరూ నవ్వుతారు. ‘పాటలు వినడానికి కూడా సెలవు కావాలా?’ అంటారు. కావాలి. ఆయనగారు పేపరు చదువుతుంటే, అబ్బాయి క్రికెట్ చూస్తుంటే ఇల్లంతా కాళ్లు నొక్కిపెట్టి నడుస్తుందిగా! ఆ గౌరవం మన పాటకీ అడుగుదాం. పప్పు పొంగితే దించడం వాళ్లకీ వచ్చు. రాకపోతే ఈ ఆదివారమే నేర్పేసి, ఆ తర్వాత పాట పెట్టుకోండి.