పిల్లలనే అడిగి చూద్దాం



పిల్లల చేతిలోని సెల్‌ఫోన్ గురించి ఆస్పత్రి వరండాలోను, ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలోను పెద్దలందరూ మాట్లాడుతున్నారు. పిల్లలు ఏమనుకుంటున్నారని అడిగేవారు మాత్రం తక్కువ. ముందు వారినే అడగాలని మా అభిప్రాయం.

అమెరికాలోని ప్యూ పరిశోధనా సంస్థ 13 నుండి 17 ఏళ్ళ పిల్లలను అడిగి, 2025లో ఫలితాలు ప్రకటించింది. సోషల్ మీడియా తమ వయసువారికి చెడే ఎక్కువ చేస్తోందని 48 శాతం మంది చెప్పారు. తమకు చెడు చేస్తోందన్నవారు మాత్రం 14 శాతమే. అయినా, దానిలో మితిమీరి గడుపుతున్నామని 45 శాతం మంది ఒప్పుకున్నారు.

“పక్కవారికి చెడు, నాకేం కాదు” అనే మాట నర్సులమైన మాకు కొత్త కాదు. షుగరు ఉండి స్వీటు తినేవారు, దగ్గుతూనే చుట్ట కాల్చేవారు రోజూ ఇదే చెబుతారు. కనుక పిల్లలను మాత్రమే తప్పుపట్టనక్కరలేదు. దాదాపు సగం మంది తమంతట తామే “ఎక్కువైంది” అంటున్నారంటే, సగం వైద్యం అక్కడే మొదలైనట్లు. మనం కేకలు వేస్తే ఆ మాట కాస్తా లోపలికి పోతుంది. పిల్లలను విసిగించవద్దని పౌలు భక్తుడు తండ్రులను హెచ్చరించింది అందుకే కదా!

మన పల్లెల సంగతి చూద్దాం. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామాలలో 14–16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వారిలో సర్వేకు ముందు వారంలో చదువు కోసం ఫోన్ వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. వాడటం వచ్చిన 16 ఏళ్ళవారిలో కూడా సొంత ఫోన్ ఉన్నది సుమారు 38 శాతానికే. అంటే చాలామంది చేతిలో ఉన్నది అమ్మానాన్నల ఫోనే. అందుకే నియమం పిల్లలకు ఒక్కరికే కాదు, ఇంటిల్లిపాదికీ ఉండాలి.

ఫోన్‌ను పూర్తిగా లాగేసుకోమని మేము చెప్పడం లేదు. కూచిపూడిలో నాట్యం నేర్చుకునే పిల్ల వీడియో చూసి అడుగులు సరిచూసుకుంటుంది. దూరాన పనికి వెళ్ళిన తండ్రి ముఖం ఆ ఫోన్‌లోనే కనబడుతుంది. ఆస్ట్రేలియాలో 16 ఏళ్ళలోపువారికి సోషల్ మీడియా ఖాతాలను నిషేధించే చట్టం 2025 డిసెంబరు 10న అమలులోకి వచ్చింది. ఏ చట్టం వచ్చినా, రాత్రి పదకొండింటికి మన ఇంట్లో దీపం ఆర్పవలసింది మనమే.

కౌమారంలో ఉన్నవారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. తలనొప్పి, కళ్ళమంట, చదువు మీద ధ్యాస లేదంటూ పిల్లలను తీసుకువచ్చే తల్లులను మేము మొదట అడిగేది నిద్ర గురించే. కుటుంబ ప్రార్థన కాగానే అందరి ఫోన్లూ ముందుగదిలో ఒకచోట పెట్టండి. మొదట నాన్నగారి ఫోన్, తరువాత పిల్లలది.

ఎవరైనా ఫొటో చూపి బెదిరిస్తున్నారని ఆడపిల్ల చెబితే, “ఫోన్ ఎందుకు ముట్టుకున్నావ్?” అనకండి. ముందు దగ్గరకు తీసుకోండి, తరువాత 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి. పిల్లవాడు అన్నం మాని, ఎవరితోను కలవక దిగులుగా ఉంటే ఆస్పత్రికి తీసుకురండి. 14416 టెలిమానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: “ఫోన్ వల్ల నీకేం బాగుంది, ఏం బాగాలేదు?” జవాబు పూర్తయ్యేవరకు మధ్యలో మాట్లాడకండి.