చూపించే కన్ను – చూసే కన్ను

సినిమా చూస్తున్న ప్రేక్షకునికి అది కల్పన అని తెలుసు. కథానాయకుడు ఒక్కడే పదిమందిని పడగొట్టినప్పుడు చప్పట్లు కొడతాడే గాని, అది నిజంగా జరిగిందని నమ్మడు. డాక్యుమెంటరీ విషయం వేరు. తెర మీద నిజమైన ఊరు, నిజమైన మనుషులు, నిజమైన కష్టం కనిపించగానే అతడు తన సందేహాన్ని పక్కన పెడతాడు. 'కళ్లారా చూశాను' అనే మాటకు మన సమాజంలో ఉన్న విలువ అంతటిది. కాని అతడు చూసింది మరొకరి కంటితో. ఎక్కడ నిలబడి చూడాలో, ఎంతసేపు చూడాలో, దేనిని చూడకుండా వదలాలో ముందే నిర్ణయించుకున్న కన్ను అది. ఆ నిర్ణయాల సమాహారమే డాక్యుమెంటరీ శిల్పం. అది ప్రేక్షకుని హృదయాన్ని ఏ విధంగా మలుస్తుందో తెలుసుకోవడం నేటి విద్యార్థికి ఎంతో అవసరం.

చలనచిత్రం పుట్టింది వాస్తవ చిత్రణతోనే. లూమియర్ సోదరులు 1895లో పారిస్‌లో ప్రదర్శించిన తొలి చిత్రాలలో ఒకటి, కర్మాగారం నుంచి బయటికి వస్తున్న కార్మికుల దృశ్యం. 1896 జులై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్‌లో వారి చిత్రాలను మన దేశంలో తొలిసారి ప్రదర్శించారు. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇనుయిట్ ప్రజల జీవనంపై 'నానూక్ ఆఫ్ ది నార్త్' అనే చిత్రాన్ని నిర్మించాడు. మంచు ఇంటిలో వెలుతురు చాలక, సగమే కట్టిన ఇంటిలో లోపలి దృశ్యాలు చిత్రీకరించాడు. అప్పటికే తుపాకులకు అలవాటుపడిన వేటగాళ్ల చేత పాతకాలపు ఆయుధాలతో వేట చేయించాడు. ఆ ప్రజల శ్రమ నిజం, చలి నిజం, ధైర్యం నిజం. అయితే వారు వదిలివచ్చిన గతం ప్రేక్షకునికి వర్తమానంగా కనిపించింది. కాబట్టి డాక్యుమెంటరీ వాస్తవానికి అద్దం కాదు. వాస్తవాన్ని ముడిసరుకుగా తీసుకొని చేసిన నిర్మాణం.

మన దేశంలో 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ ఈ ప్రక్రియను సామాన్యుని దగ్గరకు చేర్చింది. 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైన ఈ సంస్థ నిర్మించిన వార్తాచిత్రాలను, లఘుచిత్రాలను ఒకప్పుడు దేశమంతటా సినిమా హాళ్లలో అసలు చిత్రానికి ముందు తప్పనిసరిగా ప్రదర్శించేవారు. మహానగరమైనా, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణమైనా అదే నియమం. వాటిలో ఎక్కువ భాగం కనిపించని వ్యాఖ్యాత గంభీర కంఠంతో నడిచేవి. తెర మీది మనిషి పెదవులు కదిపినా అతని మాట వినిపించేది కాదు; అతని గురించి వ్యాఖ్యాత చెప్పిన మాటే వినిపించేది. అటువంటి కాలంలో, అదే సంస్థ కోసం ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో 'ఐ యామ్ ట్వంటీ' అనే చిత్రం తీశారు. స్వాతంత్ర్యంతో పాటు పుట్టి, ఇరవై ఏళ్లు నిండిన యువతీయువకులను తమ మాటల్లోనే మాట్లాడనిచ్చారు. వ్యాఖ్యానం విన్నవాడు తలూపుతాడు. మనిషి గొంతు నేరుగా విన్నవాడు అతనితో మనసులోనే వాదానికి దిగుతాడు, లేదా అంగీకరిస్తాడు.

వ్యాఖ్యాత ఉండరాదని దీని అర్థం కాదు. కురుక్షేత్ర సంగ్రామాన్ని ధృతరాష్ట్రుడు చూడలేదు, సంజయుని నోట విన్నాడు. సంజయుడు రాజు కొలువులోని వాడే. అయినా రాజుకు రుచించని నిజాలను దాచలేదు. తప్పు రాజుదైన చోట రాజుదేనని చెప్పాడు. డాక్యుమెంటరీ వ్యాఖ్యాతకు ఉండవలసిన గుణం అదే. వినేవాడిని సంతోషపెట్టడానికి గాని, భయపెట్టడానికి గాని కంఠం పెంచే వ్యాఖ్యాత దృశ్యాన్ని మింగివేస్తాడు.

మాట తరువాత చెప్పుకోదగినది కూర్పు. సుమారు వందేళ్ల క్రితం రష్యా దర్శకుడు కులెషోవ్ ఒక ప్రయోగం చేశాడు. ఏ భావమూ పలకని ఒక నటుని ముఖాన్ని ఒకసారి ఆహారపాత్ర పక్కన, ఒకసారి శవపేటిక పక్కన కూర్చి చూపాడు. ముఖం ఒక్కటే అయినా, చూసినవారికి ఒకచోట ఆకలి, మరొకచోట దుఃఖం కనిపించాయట. భావం ముఖంలో లేదు, రెండు దృశ్యాల కలయికలో ఉంది.

ఈ సూత్రం ఎంత శక్తిమంతమైనదో ఉమ్మడి నల్లగొండ జిల్లాను తలచుకుంటే బోధపడుతుంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు వరి పొలాలతో కళకళలాడాయి. మూసీ ప్రాజెక్టు సూర్యాపేట పరిసరాలకు ఆదరువయింది. అదే జిల్లాకు పడమట ఉన్న మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు గ్రామాలు భూగర్భ జలాన్నే నమ్ముకొని, గ్రానైటు శిలల నుంచి ఆ నీటిలో కరిగిన ఫ్లోరైడుకు బలయ్యాయి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు హాని చేస్తుంది. పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగిపోతుంది.

ఒక డాక్యుమెంటరీ మిర్యాలగూడ బియ్యపు మిల్లు ఆవరణలోని ధాన్యరాశిని చూపి, మరుక్షణమే పడమటి గ్రామంలో కర్ర ఊతంతో నడుస్తున్న మనిషిని చూపిందనుకుందాం. ఆయకట్టు రైతే నేరస్థుడన్న భావం ప్రేక్షకునిలో కలుగుతుంది. ఆ రెండింటి నడుమ జిల్లా పటం, నేల ఎత్తుపల్లాలు, కాలువ దారి చూపితే అదే ప్రేక్షకుడు, 'నీరు అటు ఎందుకు వెళ్లలేదు? ఎత్తిపోసే మార్గం ఎప్పుడు ఆలోచించారు?' అని అడుగుతాడు. మొదటి కూర్పు పొరుగువానిపై కోపాన్ని రేపుతుంది. రెండవది వ్యవస్థను ప్రశ్నిస్తుంది. చేర్చింది ఒకటి రెండు దృశ్యాలే. మారింది ప్రేక్షకుని తీర్పు.

కెమెరా కోణం ఇంకా సూక్ష్మమైనది. జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో చదువురాని దళిత మహిళా రైతులు కెమెరా పట్టడం నేర్చి, డాక్యుమెంటరీలు తీశారు. 2002లో దేశంలో బి.టి. పత్తి సాగుకు అనుమతి లభించాక, వరంగల్ జిల్లా రైతుల అనుభవాలను కొన్ని పంటకాలాల పాటు వెంటాడి చిత్రీకరించారు. వారు కెమెరా కోణాలకు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసే షాట్లకు పటేలు, బానిసల నడుమ ఉండే చూపులను గుర్తుచేసే పేర్లు పెట్టారు. మనిషిని కళ్లకు కళ్లు కలిపి, సమాన ఎత్తులో చూపే దానిని 'సంఘం షాట్' అన్నారు. సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు గనుక ఆ పేరు. సినిమా పాఠశాలలు పెద్ద గ్రంథాలలో బోధించే విషయాన్ని వారు ఒక్క మాటలో పట్టుకున్నారు. కెమెరా ఎత్తు మనుషుల నడుమ ఉన్న అంతరాన్ని పెంచగలదు, తుడిచివేయగలదు కూడా. బి.టి. పత్తిపై వారి చిత్రాలు ఒక పక్షం వహించాయి. అయితే ఆ సంగతి వారు దాచలేదు. నిలబడిన చోటు చెప్పి చూపేవాడు, చెప్పకుండా చూపేవాని కంటే నిజాయితీపరుడు.

ఫ్లోరోసిస్ బాధితులపై వచ్చిన అనేక దృశ్యకథనాలను ఈ కొలతతో పరిశీలించవలసి ఉంది. వంకర తిరిగిన కాళ్లపై కెమెరా నిలుస్తుంది. వెనుక విషాద వాద్యం మోగుతుంది. మనిషి పేరు గాని, మాట గాని వినబడదు. ప్రేక్షకుని కంట నీరు నిండుతుంది. ఆ నీరు ఆరిన తరువాత మిగిలేదేమిటి? జాలి మాత్రమే. జాలిపడినవాడు తనను ఎత్తైన చోట నిలుపుకొని, ఎదుటివానిని కిందికి చూస్తాడు. అదే బాధితుడు తన ఇంటి బావి ఎప్పుడు ఎండిందో, బోరు ఎంత లోతుకు వేశారో, ఎవరికి ఎన్ని అర్జీలు పెట్టుకున్నాడో తానే చెబుతుంటే, ప్రేక్షకుడు ఒక రోగిని కాక ఒక పౌరుని చూస్తాడు.

హృదయాన్ని కదిలించకుండా జనాన్ని మేల్కొల్పడం సాధ్యమా అని కొందరు ప్రశ్నిస్తారు. అది తీసివేయదగిన ప్రశ్న కాదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు పోటీ పడ్డారు. ఫ్లోరైడు సమస్యపై దేశం దృష్టిని మళ్లించడానికి జలసాధన సమితి చేసిన పోరాటం ఫలితమది. ఆ సంఖ్య విన్నవారు ముందు ఆశ్చర్యపోయారు, ఆ వెంటనే కారణం అడిగారు. ఆశ్చర్యమూ ఒక భావోద్వేగమే. కాని అది చూసేవానిని కారణం దగ్గరకు నడిపించింది. డాక్యుమెంటరీలో కరుణ ఉండవచ్చు, ఉండాలి కూడా. ఆ కరుణ ప్రశ్నకు దారి చూపాలి.

ఇక కాలం విషయం. నలుపు తెలుపుల్లో కనిపించిన దృశ్యాన్ని మనసు వెంటనే పాత చరిత్రగా స్వీకరిస్తుంది. తెలంగాణ రైతాంగ పోరాటంపై గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1980లో విడుదలైన 'మా భూమి' కల్పిత చిత్రమే. అయినా దాని నలుపు తెలుపు రూపం, పల్లె జనం సహజమైన ముఖాలు ఎందరికో అది నాటి సంఘటనల సాక్ష్యమే అన్న అనుభూతినిచ్చాయి. కథాచిత్రానికి అది శోభ. డాక్యుమెంటరీలో తేదీ లేని పాత దృశ్యం ప్రమాదం. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా పడమటి గ్రామాలకు శుద్ధి చేసిన కృష్ణాజలం అందింది. ఏనాటివో చెప్పకుండా పాత చిత్రాలనే చూపితే, నేటి పిల్లలూ అదే నీరు తాగుతున్నారని ప్రేక్షకుడు పొరబడతాడు. ఆ ఊరి పిల్లకు సంబంధం చూడడానికి వెనుకాడేవారు అటువంటి చిత్రం చూసి మరింత వెనుకాడవచ్చు. నీరు వచ్చింది గనుక సమస్య తీరిందని కొళాయి ధార మాత్రమే చూపడమూ అర్ధసత్యమే. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ మంచినీరు తాగినంత మాత్రాన పోదు. పాత నీటి గాయంతో జీవిస్తున్నవారు ఇంకా ఉన్నారు. తేదీ చెప్పడం, రెండు సత్యాలనూ చూపడం దర్శకుని కనీస ధర్మం.

నేడు కెమెరా ప్రతి చేతిలో ఉంది. సూర్యాపేట బస్టాండులో, కోదాడ కాలువ గట్టుపై, మిర్యాలగూడ మార్కెట్ యార్డులో ఏ చిన్న సంఘటన జరిగినా క్షణాల్లో దృశ్యమై పంచబడుతుంది. ప్రేక్షకుడే చిత్రకారుడైన ఈ కాలంలో బాధ్యత రెండింతలు. చూసేటప్పుడు, 'ఈ కెమెరా ఎవరి పక్కన నిలబడింది? ఎవరి గొంతు వినిపించలేదు? ఈ సంగీతం తీసివేస్తే నా అభిప్రాయం ఇలాగే ఉంటుందా?' అని విద్యార్థి తనను తాను అడగాలి. తీసేటప్పుడు ఎదుటి మనిషి అనుమతి తీసుకోవాలి, అతని పూర్తి మాట వినాలి.

మన ఆలంకారికులలో క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. ఎంత అందమైన అలంకారమైనా తగని చోట ఉంటే కావ్యాన్ని చెరుపుతుంది. డాక్యుమెంటరీకి కోణం, కూర్పు, స్వరం, సంగీతం అలంకారాలు. తెర మీద ఉన్నది కవి కల్పించిన పాత్ర కాదు, చిత్రం ముగిశాక కూడా అదే ఊరిలో, అదే ఇంటిలో బతకవలసిన మనిషి. అందువల్ల ఇక్కడ ఔచిత్యం పాటించకపోతే చెడేది ఒక కావ్యం మాత్రమే కాదు.